ప్రమాణము ఎవరి పేరిట? – జర్మనీ దేశ చరిత్ర మనకు చెప్పే మాట



ప్రియులారా, మార్కు సువార్త 6వ అధ్యాయము 14 నుండి 29 వరకు ఉన్న వచనములు ఈ రోజు ఒకసారి చదువుకోండి. హేరోదు రాజు పుట్టినరోజు విందు అక్కడ మనకు కనిపిస్తుంది. హేరోదియ కుమార్తె నాట్యమాడింది. ఏమి అడిగినా ఇస్తానని రాజు ఒట్టు పెట్టుకున్నాడు. ఆమె బాప్తిస్మమిచ్చు యోహాను తల అడిగింది. యోహాను నీతిమంతుడని హేరోదుకు తెలుసు. రాజు దుఃఖపడ్డాడని కూడా మార్కు వ్రాశాడు. అయినా చేసిన ఒట్టు ఒకవైపు, ఎదురుగా కూర్చున్న అతిథులు మరొకవైపు. పరువు పోతుందేమోనని తెలిసి తెలిసి ఒక నీతిమంతుణ్ణి చంపించాడు.

ఒక రాజు ఒట్టు ఒక మనిషి ప్రాణం తీసింది. మరి ఒక దేశము దేశమే ఇలాంటి ఒట్టు పెట్టుకుంటే ఏమవుతుంది? అందులో సంఘము కూడా చేయి కలిపితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు 1871 నుండి 1945 వరకు జరిగిన జర్మనీ దేశ చరిత్రలో ఉన్నది.

జర్మనీ మనకు బొత్తిగా పరాయి దేశము కాదు. ఆ దేశములోని హెర్మన్స్‌బర్గ్ అనే పల్లె నుండి మిషనరీలు 1865లో సూళ్ళూరుపేట ప్రాంతానికి వచ్చారు. బ్రెక్లుమ్ అనే ఊరి నుండి వచ్చినవారు 1882 తర్వాత సాలూరు, జయపురం ప్రాంతాల్లో సువార్త ప్రకటించారు. మన తెలుగు నేల మీద ఉన్న అనేక లూథరన్ సంఘాలకు ఆ దేశపు విశ్వాసుల ప్రార్థనలూ కానుకలూ పునాది. అంత భక్తి గల దేశము అంత ఘోరానికి ఎలా దిగజారింది? జాగ్రత్తగా గమనించండి.

సింహాసనము, బలిపీఠము

1871కి ముందు జర్మనీ అనే ఒకే రాజ్యము లేదు. చిన్నా పెద్దా రాజ్యాలు, సంస్థానాలు చాలా ఉండేవి. వాటిలో బలమైనది ప్రష్యా. దాని ప్రధానమంత్రి ఆటో వాన్ బిస్మార్క్. 1864లో డెన్మార్కుతో, 1866లో ఆస్ట్రియాతో, 1870లో ఫ్రాన్సుతో, మొత్తం మూడు యుద్ధాలు జరిగాయి. మూడింటిలోనూ ప్రష్యా గెలిచింది. 1871 జనవరి 18న ఓడిపోయిన ఫ్రాన్సు నేల మీదనే, వెర్సాయ్ రాజభవనంలోని అద్దాల మందిరంలో, ప్రష్యా రాజు మొదటి విల్‌హెల్మ్‌ను జర్మన్ చక్రవర్తిగా, అంటే కైజరుగా ప్రకటించారు. సుమారు 4 కోట్ల 10 లక్షల మంది ఒకే జెండా కిందికి వచ్చారు.

ఆ సామ్రాజ్యములో మంచి లేకపోలేదు. 1883లో కార్మికులకు ఆరోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య పెన్షను చట్టాలు వచ్చాయి. విశ్వవిద్యాలయాలు, పరిశ్రమలు, వేదాంత కళాశాలలు లోకములోనే పేరు పొందాయి. కానీ ఒక ముడి మొదటి నుండీ ఉంది. ప్రష్యాలో ప్రొటెస్టెంట్ సంఘానికి అధిపతి రాజే. పాస్టర్లు ఒక విధంగా ప్రభుత్వ ఉద్యోగుల వంటివారు. సింహాసనము, బలిపీఠము జంటగా నిలిచాయి. దేశము గెలిస్తే దేవుడు గెలిపించాడన్నారు. రాజుకు లోబడడం, దేవునికి లోబడడం – ఈ రెండింటి మధ్య గీత మెల్లగా చెరిగిపోయింది.

ఆ గీత చెరిగిన సంగతి 1914లో బయటపడింది. ఆగస్టు 4న బెర్లిన్ కతీడ్రల్‌లో ఆరాధన జరిగింది. రాజాస్థాన బోధకుడు ఎర్నెస్ట్ డ్రియాండర్ రోమా పత్రిక 8వ అధ్యాయము 31వ వచనము మీద ప్రసంగించాడు. దేవుడు మన పక్షమున ఉన్నప్పుడు విరోధి ఎవరని పౌలు అడిగిన వచనము అది. పౌలు ఆ మాట వ్రాసింది హింసలు పడుతున్న విశ్వాసులను ఆదరించడానికి. ఇక్కడ అది సైన్యాలకు ఆశీర్వాదమైంది. ఆ అక్టోబరులో 93 మంది పండితులు తమ దేశపు యుద్ధాన్ని సమర్థిస్తూ ఒక ప్రకటన మీద సంతకం పెట్టారు. వారిలో గొప్ప వేదాంత పండితులున్నారు. స్విట్జర్లాండులో పల్లెటూరి పాస్టరుగా ఉన్న కార్ల్ బార్త్ అనే యువకుడు అందులో తన గురువుల పేర్లు చూసి నిర్ఘాంతపోయాడు.

ఆ యుద్ధపు దెబ్బ మన ప్రాంతానికీ తగిలింది. బ్రిటిష్ ప్రభుత్వం జర్మన్ మిషనరీలను శత్రుదేశస్థులుగా ఎంచి నిర్బంధించి, తర్వాత వెనక్కి పంపింది. కాపరులు లేక సంఘాలు తల్లడిల్లాయి.

ఓటమి, ఆకలి, అవమానము

1918 నవంబరు 9న కైజరు దిగిపోయాడు, నెదర్లాండ్స్‌కు పారిపోయాడు. నవంబరు 11న యుద్ధం ఆగింది. 1919 జూన్ 28న సంధి మీద సంతకం ఎక్కడ జరిగిందో తెలుసా? అదే వెర్సాయ్, అదే అద్దాల మందిరం. యుద్ధానికి బాధ్యత జర్మనీదీ దాని మిత్రదేశాలదీ అని సంధిలో వ్రాశారు. 1921లో 13,200 కోట్ల బంగారు మార్కుల నష్టపరిహారం నిర్ణయించారు.

తర్వాత డబ్బు విలువ కూలిపోయింది. యుద్ధానికి ముందు ఒక డాలరుకు 4.2 మార్కులు. 1923 నవంబరులో ఒక డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు! జీవితమంతా కూడబెట్టిన సొమ్ముతో రొట్టె ముక్క కూడా రాని రోజులు వచ్చాయి. కొద్దికాలం తేరుకున్నారు. ఇంతలో 1929లో అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యం విరుచుకుపడింది. 1932 మొదటికి నిరుద్యోగులు 60 లక్షలు.

ఈ ఆకలిలో, ఈ అవమానంలో అడాల్ఫ్ హిట్లర్ మాటలు జనానికి తీపిగా వినిపించాయి. మీ కష్టాలన్నిటికీ యూదులే కారణమన్నాడు. మీ గౌరవం మీకు తిరిగి తెస్తానన్నాడు. అంకెలు చూడండి. 1928 ఎన్నికల్లో నాజీ పార్టీకి వచ్చిన ఓట్లు 2.6 శాతం. 1930లో 18.3 శాతం. 1932 జూలైలో 37.3 శాతం. నాలుగేళ్లలో 12 స్థానాల పార్టీ 230 స్థానాల పార్టీ అయింది. అయినా, ప్రియులారా, స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ హిట్లర్‌కు సగం ఓట్లు రాలేదు. 1932 నవంబరులో 33.1 శాతానికి తగ్గాయి కూడా. అతణ్ణి మన చేతుల్లో పెట్టుకోవచ్చులే అనుకున్న కొందరు పెద్దల సలహా విని, 1933 జనవరి 30న అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ అతణ్ణి ఛాన్సలరుగా నియమించాడు.

1 సమూయేలు 8వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు ఇతర జనములవలె మాకూ రాజు కావాలని అడిగిన సంగతి మీకు గుర్తుందా? రాజు మీ కుమారులను తన రథాలకు పట్టుకుపోతాడని సమూయేలు ముందే హెచ్చరించాడు. వాళ్లు వినలేదు.

చట్టము చేతనే చట్టమును చంపడం

హిట్లర్ ఒక్క రాత్రిలో నియంత కాలేదు. ఒక్కొక్క మెట్టు ఎక్కాడు. ప్రతి మెట్టుకూ ఒక చట్టము, ఒక సంతకము ఉన్నాయి. 1933 ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగలబడింది. మరునాడే వాక్ స్వాతంత్ర్యం, పత్రికా స్వాతంత్ర్యం, సభ జరుపుకొనే హక్కు రద్దయ్యాయి. మార్చి 21న పోట్స్‌డామ్ నగరంలో కొత్త పార్లమెంటు ప్రారంభానికి గుడిగంటలు మ్రోగాయి. అక్కడ నికోలాయ్ చర్చిలో ఆటో డిబేలియుస్ అనే సంఘాధికారి ప్రసంగించాడు. ఎత్తుకున్న వాక్యము 1914లో డ్రియాండర్ ఎత్తుకున్నదే. ప్రభుత్వం హద్దు మీరకూడదనే హెచ్చరిక కూడా ఆ ప్రసంగంలో ఉంది. కానీ జనానికి గంటలే వినిపించాయి, హెచ్చరిక వినిపించలేదు.

రెండు రోజుల తర్వాత, మార్చి 23న, పార్లమెంటు ఆమోదం లేకుండానే చట్టాలు చేసే అధికారం హిట్లర్ మంత్రివర్గానికి ఇచ్చే బిల్లు వచ్చింది. అనుకూలంగా 444, వ్యతిరేకంగా 94. కమ్యూనిస్టు సభ్యులను లోపలికే రానివ్వలేదు. వ్యతిరేకించిన 94 మందీ సోషల్ డెమోక్రాట్లు. వారి నాయకుడు ఆటో వెల్స్, నాజీ దళాలు హాలులో చుట్టూ నిలబడి ఉండగా లేచి కాదని చెప్పాడు. ఏప్రిల్ 7న యూదులను ప్రభుత్వ ఉద్యోగాల నుండి తొలగించే చట్టం వచ్చింది. జూలై 14 నాటికి దేశములో ఒకే పార్టీ మిగిలింది.

1934 ఆగస్టు 2న హిండెన్‌బర్గ్ చనిపోయాడు. అదే రోజున సైనికులందరి చేత కొత్త ప్రమాణం చేయించారు. 1919లో సైనికులు రాజ్యాంగానికి విధేయులమని ప్రమాణం చేశారు. ఇప్పుడు అడాల్ఫ్ హిట్లర్ అనే మనిషికి, పేరు పెట్టి, షరతులు లేని విధేయత చూపుతామని, దేవుని సాక్షిగా ప్రమాణం చేశారు. తర్వాత అధికారులకు, ఉపాధ్యాయులకు, న్యాయమూర్తులకు కూడా ఆయన పేరిటే ప్రమాణం వచ్చింది. కైజరు కాలములోనూ రాజు పేరిటే ప్రమాణం చేసేవారు కాబట్టి చాలామందికి ఇది కొత్తగా తోచలేదు. షరతులు లేని విధేయత ఎవరికి చెందాలి? ఆ మాట అడిగినవారు బహు తక్కువ.

సంఘము లోపల

ఇప్పుడు సంఘము సంగతి. జర్మనీ జనములో మూడింట రెండు వంతులు ప్రొటెస్టెంట్లు. వారిలో "జర్మన్ క్రైస్తవులు" అనే వర్గము లేచింది. 1933 జూలైలో సంఘ ఎన్నికల్లో దాదాపు మూడింట రెండు వంతుల స్థానాలు వీళ్లే గెలిచారు. హిట్లర్ మనిషి లుడ్విగ్ ముల్లర్ దేశపు బిషప్పు అయ్యాడు. యూదుల సంతతివారు బాప్తిస్మము పొందినా పాస్టర్లుగా ఉండరాదన్నారు. నవంబరు 13న బెర్లిన్‌లో 20,000 మంది కూడిన సభలో రైన్‌హోల్డ్ క్రౌజె అనే నాయకుడు పాత నిబంధనను తీసివేయాలని అన్నాడు. చప్పట్లు కొట్టారు!

దీనికి ఎదురు నిలిచినవారూ ఉన్నారు. మార్టిన్ నీమోలర్ పిలుపు మీద 1934 జనవరి నాటికి సుమారు 7,000 మంది పాస్టర్లు ఒక్కటయ్యారు. ఈ నీమోలర్ మొదటి యుద్ధములో జలాంతర్గామి అధికారి. మొదట నాజీలకే ఓటు వేసినవాడు. 1934 మే 29 నుండి 31 వరకు బార్మెన్ పట్టణంలో సభ జరిగింది. కార్ల్ బార్త్ ప్రధానంగా వ్రాసిన ఆరు అంశాల ప్రకటనను అక్కడ ఆమోదించారు. సంఘము వినవలసిన దేవుని వాక్కు యేసుక్రీస్తు ఒక్కడే, ఆయన పక్కన మరొక ప్రభువును నిలబెట్టడం అబద్ధ బోధ – దాని సారాంశము ఇదే. వీరిని "ఒప్పుకోలు సంఘము" అన్నారు. అప్పుడు బాన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా ఉన్న బార్త్, క్రైస్తవుడిగా నాకు వీలైనంతవరకు అనే మాట చేర్చితేనే హిట్లర్‌కు ప్రమాణం చేస్తానన్నాడు. 1934 నవంబరులో ఆయనను సస్పెండ్ చేశారు. మరుసటి సంవత్సరం స్విట్జర్లాండుకు వెళ్లిపోయాడు.

1938 ఏప్రిల్ 20

హేరోదు విందు జరిగింది పుట్టినరోజున అని చెప్పుకున్నాము. 1938 ఏప్రిల్ 20 హిట్లర్ పుట్టినరోజు. ఆ రోజున రెండు సంగతులు జరిగాయి.

మొదటిది: ప్రష్యా సంఘ కార్యాలయ అధిపతి ఫ్రెడరిక్ వెర్నర్, పాస్టర్లందరూ హిట్లర్‌కు విధేయతా ప్రమాణం చేయాలని ఉత్తరువు ఇచ్చాడు. హిట్లర్ అడగలేదు. సంఘాధికారే పుట్టినరోజు కానుకగా పాస్టర్ల మనస్సాక్షిని తట్టలో పెట్టి అందించాడు. చాలామంది ప్రమాణం చేశారు. ఒప్పుకోలు సంఘము కొన్ని నెలలు తర్జనభర్జన పడి, జూలై 31న చేయవచ్చునని ఒప్పుకుంది. ఆ తర్వాత నాజీ పార్టీ పెద్ద మార్టిన్ బోర్మన్ వ్రాసిన ఉత్తరం బయటికి వచ్చింది. ఈ ప్రమాణం సంఘము సొంత వ్యవహారం, పార్టీకి దీనితో పని లేదు అని దాని భావము. మనస్సాక్షిని అమ్ముకుంటే కొన్నవాడే లేడు!

రెండవది: అదే రోజు బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో ఖైదీలను వరుసగా నిలబెట్టారు. స్వస్తిక జెండా ఎదుట అందరూ టోపీ తీయాలి. ఒక్కడు తీయలేదు. ఆయన పేరు పౌల్ ష్నైడర్, డికెన్‌షీడ్ అనే పల్లెటూరి పాస్టరు. భార్య, ఆరుగురు పిల్లలు ఉన్నారు. కొట్టారు, ఒంటరి కొట్లో వేశారు. ఆయన ఆ కొట్టు కిటికీలో నుండి మైదానంలో నిలబడ్డ ఖైదీలకు దేవుని వాక్యము కేకవేసి చెప్పేవాడు. ప్రతిసారీ కొట్టేవారు. 1939 జూలై 18న మందు మోతాదు మించి ఎక్కించి చంపారు. ఆయన వయస్సు 41 సంవత్సరాలు.

ఒకే రోజు, ఒకే సంఘపు పాస్టర్లు. ఆ రోజు కాగితం మీద సంతకానికి సిద్ధమైనవారిలో మంచివారు లేరా? ఉన్నారు. కుటుంబాలున్నాయి, జీతాలున్నాయి, భయాలున్నాయి. ష్నైడర్‌కూ అవన్నీ ఉన్నాయి.

చెప్పకుండా విడిచిపెట్టిన మాట

ఇక్కడ మరొక సత్యము దాచకూడదు. బార్మెన్ ప్రకటనలో యూదుల గురించి ఒక్క మాట లేదు. ఒప్పుకోలు సంఘము తన బోధను కాపాడుకుంది గాని, వీధిలో దెబ్బలు తింటున్న పొరుగువాణ్ణి చాలావరకు చూడలేదు. బెర్లిన్‌లో ఎలిజబెత్ ష్మిట్స్ అనే స్కూలు టీచరు చూసింది. యూదుల బాధలను 1935లో ఒక నివేదికగా వ్రాసింది. 1935 సెప్టెంబరులో న్యూరెంబర్గ్ చట్టాలు యూదుల పౌరసత్వం తీసివేసిన తర్వాత దానికి మరి కొంత చేర్చింది. ప్రతులు తీసి సంఘ పెద్దలకు అందజేసింది. సంఘము నోరు తెరవలేదు.

1938 నవంబరు 9 రాత్రి దేశమంతటా 1,400కు పైగా సమాజమందిరాలను తగలబెట్టారు, ధ్వంసం చేశారు. సుమారు 30,000 మంది యూదు పురుషులను శిబిరాలకు పంపారు. మరునాడు మార్టిన్ లూథర్ పుట్టినరోజు. తురింగియా బిషప్పు మార్టిన్ సాసె ఆ రెండు తేదీలనూ కలిపి సంతోషిస్తూ, లూథర్ 1543లో యూదులకు వ్యతిరేకంగా వ్రాసిన మాటలను కరపత్రంగా అచ్చువేశాడు. సంస్కర్త వ్రాసినదైనా తప్పు తప్పే. ఎలిజబెత్ ష్మిట్స్ ఇక ఈ ప్రభుత్వానికి పాఠాలు చెప్పనని ఉద్యోగం విడిచిపెట్టింది. 1977లో ఆమె చనిపోయినప్పుడు సమాధి కార్యక్రమానికి వచ్చినవారు ఏడుగురు. ఆ నివేదిక వ్రాసింది ఆమేనని లోకానికి రుజువుతో తెలిసింది 1999లో.

ప్రమాణము ఫలము

1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండు మీద దండెత్తింది. ఆ తేదీ వేసిన ఒక ఉత్తరం మీద హిట్లర్ సంతకం ఉంది. మతిస్థిమితం లేనివారిని, నయం కాని రోగులను చంపడానికి అనుమతి అది. 1941 ఆగస్టు నాటికి గ్యాసు గదుల్లో సుమారు 70,000 మందిని చంపారు. బ్రాండెన్‌బర్గ్‌లో లోథర్ క్రైసిగ్ అనే న్యాయమూర్తి ఉన్నాడు. ఒప్పుకోలు సంఘ విశ్వాసి. మతిస్థిమితం లేనివారి సంరక్షణ వ్యవహారాలు ఆయన కోర్టువే. వాళ్లు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారని కాగితాలు వస్తుంటే ఆయనకు విషయం అర్థమైంది. 1940 జూలైలో న్యాయమంత్రికి ఉత్తరం వ్రాశాడు. బాధ్యుడైన నాజీ అధికారి మీద హత్యానేరం ఫిర్యాదు చేశాడు. నా కోర్టు రక్షణలో ఉన్నవారిని కదిలించవద్దని ఆసుపత్రులకు ఆజ్ఞ ఇచ్చాడు. మంత్రి ఆయనను పిలిచి హిట్లర్ సంతకం చూపించాడు. నాయకుడి ఇష్టమే చట్టము, అది ఒప్పుకోకపోతే నీవు న్యాయమూర్తిగా ఉండలేవన్నాడు. క్రైసిగ్ ఒప్పుకోలేదు, పదవి వదులుకున్నాడు. దేశములో వేలాది న్యాయమూర్తులు. అలా లేచి నిలబడిన న్యాయమూర్తి ఆయన ఒక్కడే.

1941 జూన్ 22న ముప్పై లక్షలకు పైగా సైన్యం సోవియట్ దేశము మీదికి వెళ్లింది. ఆ వెనుకనే యూదుల సామూహిక హత్యలు మొదలయ్యాయి. 1942 జనవరి 20న వాన్‌జే అనే చోట అధికారులు కూర్చుని, యూరపు యూదులందరినీ తుడిచిపెట్టే పని ఏ శాఖ ఎలా చేయాలో మాట్లాడుకున్నారు. ఆష్విట్జ్, ట్రెబ్లింకా, సోబిబోర్ – 60 లక్షల మంది యూదులు, పిల్లలతో సహా. సోవియట్ ప్రజలు సుమారు 2 కోట్ల 70 లక్షలు. జర్మన్ సైనికులే 50 లక్షలకు పైగా.

ఇది తప్పని తెలిసిన సైన్యాధికారులు లేరా? ఉన్నారు. చాలామంది చెప్పుకున్న సాకు ఒక్కటే – ప్రమాణం చేశాము. హేరోదు మాట అదే కదా! 1944 జూలై 20న ఆ ప్రమాణాన్ని దాటి కొందరు అధికారులు హిట్లర్‌ను చంపాలని చూశారు, విఫలమయ్యారు, ఉరికంబమెక్కారు. ఆ ప్రతిఘటనలో పాలున్న పాస్టరు డీట్రిచ్ బోన్‌హోఫర్‌ను 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్ శిబిరంలో ఉరితీశారు. ఏప్రిల్ 30న హిట్లర్ తన చేతులతో తానే ప్రాణం తీసుకున్నాడు. మే 8న జర్మనీ లొంగిపోయింది. షరతులు లేని విధేయత పుచ్చుకున్నవాడు తన జనాన్ని శిథిలాల్లో వదిలిపోయాడు.

శిథిలాల్లో ఒక ఒప్పుకోలు

1945 అక్టోబరులో స్టుట్‌గార్ట్‌లో, ఇతర దేశాల సంఘ ప్రతినిధుల ఎదుట, జర్మన్ సంఘ నాయకులు ఒక కాగితం మీద సంతకం చేశారు. ఏడేళ్ల చెర నుండి వచ్చిన నీమోలర్ ఉన్నాడు. 1933లో ప్రసంగించిన డిబేలియుస్ కూడా ఉన్నాడు. మా జనము వలన అనేక దేశాలకు అంతులేని బాధ కలిగింది, మేము నిలబడవలసినంత ధైర్యముతో నిలబడలేదు అని ఒప్పుకున్నారు. సొంత జనమే వాళ్లను దూషించింది. అందులోనూ యూదుల పేరు లేదు. ఆ మాట 1950లో బెర్లిన్-వైసెన్సే సంఘ సభలో గాని రాలేదు. పశ్చాత్తాపము కూడా మెట్టు మెట్టుగానే వచ్చింది. క్రైసిగ్ 1958లో ఒక సేవా సంస్థ ప్రారంభించాడు. జర్మన్ యువకులు తమ దేశము గాయపరచిన దేశాలకు వెళ్లి చేతులతో పని చేయడం దాని ఉద్దేశం.

నేటి జర్మన్ సైనికుడు కూడా ప్రమాణం చేస్తాడు. అందులో ఏ మనిషి పేరూ లేదు. నేరము చేయమనే ఆజ్ఞకు లోబడకూడదని సైనికుల చట్టములోనే వ్రాశారు. అంత రక్తము కారిన తర్వాత నేర్చుకున్న పాఠము అది.

ప్రియ చదువరీ, ఈ చరిత్ర చదివి ఆ దేశస్థుల మీద రాయి వేయడం తేలిక. వాళ్లు మన దగ్గరకు మిషనరీలను పంపిన జనము. బైబిలు చదివిన జనము. దేశాన్ని ప్రేమించడం పాపము కాదు. అధికారులకు లోబడమని రోమా 13వ అధ్యాయములో వ్రాసి ఉంది. కానీ మనుష్యులకా, దేవునికా ముందు లోబడవలసింది అనే ప్రశ్నకు అపొస్తలుల కార్యములు 5:29లో పేతురు ఏమి జవాబిచ్చాడో అదీ వ్రాసి ఉంది. నోరు లేనివారి పక్షమున నోరు తెరవమని సామెతలు 31:8 చెబుతోంది. బోన్‌హోఫర్ తన సహోదరులకు పదే పదే గుర్తు చేసిన వచనము అది.

నాయకుడైనా, కులమైనా, పార్టీ అయినా, సంఘములోని పెద్ద అయినా, ఎవరైనా సరే, నీ నుండి షరతులు లేని విధేయత అడిగినప్పుడు ఆగి ఆలోచించు. హేరోదు ముందున్న అతిథులు నీ ముందూ ఉంటారు, నీవైపే చూస్తూ ఉంటారు. ఆ క్షణములో పళ్లెములోకి వచ్చేది ఎవరి తల అని ఒక్కసారి అడిగి చూడు.

ప్రభువు మనకు అట్టి మెలకువను, ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.